ప్రభువు కొలువులో పక్కవాద్యం

నేలమీద కూర్చోకుండా ఫిడేలు వాయించవచ్చని సింగపూరు వచ్చేదాకా నాకు నమ్మకం లేదు. సినిమాల్లో గడ్డం కింద ఇరికించుకుని వాయించేవాళ్ళని చూసి, పాపం వీళ్ళకి చాప దొరకలేదేమో అనుకునేదాన్ని. కాకినాడలో మా గురువుగారి దగ్గర నేర్చుకున్నవాళ్ళందరం కుడికాలు కాస్త ముందుకి పెట్టి, ఫిడేలు తలని మడమ మీద ఆనించి, రెండో కొసని భుజానికి అదిమి వాయించేవాళ్ళం. అలాగైతే ఎడమచెయ్యి దేన్నీ మోయక్కర్లేదు. తీగ మీద పైకీ కిందికీ హాయిగా జారుతుంది.

నేను సొంతంగా కచేరీలు చేసినదాన్ని కాదు. పాడేవాళ్ళ పక్కన వాయించేదాన్ని. అది వేరే విద్య. గాయకుడు ఒక సంగతి పాడి ఆపుతాడు. ఆ ఆపిన చోటు నాది. ఆయన ఎక్కడ వదిలాడో అక్కడ అందుకుని, ఆయన పాడినదాన్నే మళ్ళీ ఆయన చేతికి ఇచ్చినట్టు వాయించాలి. అప్పుడాయన ముందుకి వెళ్తాడు. చోటు వదలడం ఆయన మర్యాద, నింపడం నా మర్యాద. చిన్నప్పట్నుంచీ అదే పని చేసి చేసి, ఎవరైనా పాడుతూ ఆగితే చాలు, నా కుడిచెయ్యి నన్నడక్కుండానే లేచేది. రేడియోలో పాట మధ్యలో కరెంటు పోయినా లేచేది.

మా వారు అలా పాడినవాళ్ళలో ఒకరు. పాలిటెక్నిక్‌లో లెక్చరరు. నవరాత్రి పందిట్లో ఒక సాయంత్రం ఆయన పక్కన నేను వాయించాను. మిగతా గాయకులు ఊపిరి తీసుకునేంత చోటు వదిలేవారు. ఈయన మాత్రం ఆపి, నా వైపు తిరిగి, మొత్తం విని, తల ఊపి, అప్పుడు అందుకునేవారు. పెళ్ళిచూపులని మేం వేరే పెట్టుకోలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు అదంతా చూసి, పందిట్లోనే మాట్లాడేసుకున్నారు. పెళ్ళయ్యాక దెబ్బలాడుకున్న రోజుల్లో కూడా, పొద్దున్నే ఆయన చాప వేసుకుని పాడటం మొదలెడితే నేను ఫిడేలు తెచ్చుకుని కూర్చునేదాన్ని. ఆయన ఆపేవారు, నేను అందుకునేదాన్ని. కోపం ఎవరిదో మర్చిపోయేవాళ్ళం.

వైటూకే హడావుడిలో ఆయన కంప్యూటర్ కోర్సు చేసి, పర్మినెంటు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి సింగపూరు వచ్చారు. వద్దనని మనిషి లేడు. వెనక నేనూ, చంకలో పాపా. ఆంగ్ మో కియో అనే పేటలో అద్దె ఫ్లాటు. ఆయన ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వేలాడుతూ నాదొక డిపెండెంట్ పాస్, పాపదొకటి. అంటే కంపెనీ ఈయన్ని వద్దనుకున్న రోజున ముగ్గురం పెట్టె సర్దుకోవాలి. సర్దుకుని ఎక్కడికి వెళ్ళాలన్నది ఇంకో సంగతి. కాలేజీలో ఆయన కుర్చీలో అప్పటికే వేరొకరు కూర్చున్నారు.

ఆ కంపెనీకి ఒకే ఒక యజమాని. ఇక్కడే పుట్టి పెరిగిన చైనీయుడు, పెద్దవాడు, మంచి ఇంగ్లీషు దుస్తుల్లో ఉండేవాడు. ఆఫీసులో అందరూ బాస్ అనేవారు, కాబట్టి నేనూ అంతే అంటాను. ఆయనకి పాశ్చాత్య సంగీతమంటే ప్రాణం. తన ఖర్చుతో ఒక చిన్న ఆర్కెస్ట్రాని పోషిస్తున్నాడు. వాళ్ళు మా ఇంటి దగ్గర కమ్యూనిటీ క్లబ్బులో సాధన చేసేవారు. కంపెనీ దీపావళి భోజనాల్లో బాస్ మా బల్ల దగ్గరకి వచ్చి, "మీవాళ్ళలో ఎవరికైనా సంగీతం వచ్చా?" అని అడిగాడు. మా వారు వెంటనే, "మా ఆవిడ వయొలిన్ వాయిస్తుంది, బాస్," అన్నారు. నన్నొక్క మాట అడగలేదు.

ఇంటికొచ్చాక గొడవపెట్టుకున్నాను. "నేను వాయించేది వేరు, వాళ్ళు వాయించేది వేరు. దోసెలు పోసేదాన్ని పట్టుకెళ్ళి కేకులు చెయ్యమంటే ఎలాగండీ?"

"ఒక్కసారి వెళ్ళిరా. బాస్ నోరు తెరిచి అడిగాడు," అన్నారు. ఆగి, గొంతు తగ్గించి, "ఆఫీసులో గాలి బాగాలేదోయ్," అన్నారు.

నిజంగానే బాగాలేదు. ఇంటర్నెట్ పేరు చెప్తే డబ్బు కుమ్మరించిన క్లయింట్లు ఒక్కొక్కరే ముఖం చాటేస్తున్నారు. మా వారి టీంలో ఒకటే పని ఇద్దరు చేసేవారు. ఈయనా, నల్గొండ నుంచి వచ్చిన ఒక పెళ్ళికాని కుర్రాడూ. ఆ అబ్బాయి ఆదివారాలు మా ఇంట్లోనే తినేవాడు, నన్ను వదినా అనేవాడు. "నాకంటే బాగా చేస్తాడు పని," అని మా వారే చాలాసార్లు అన్నారు. ఇద్దరి పాస్‌లూ ఇంచుమించు ఒకేసారి రెన్యూవల్‌కి వస్తున్నాయి. ఇద్దరిలో ఒకరే మిగులుతారని ఆఫీసులో పుకారు.

అలా వెళ్ళాను. ఆర్కెస్ట్రాని నడిపించేది ఒక రిటైరైన స్కూలు మ్యూజిక్ మాస్టారు. అందరూ అంకుల్ అనేవారు, నేను మనసులో మాస్టారనే అనుకునేదాన్ని. ఆయన నాకు రెండో వయొలిన్లలో చిట్టచివరి కుర్చీ ఇచ్చారు. ఫిడేలు గడ్డం కిందకి వచ్చింది. శ్రుతి మారింది. వేలు జారకూడదు, ఎక్కడ పెట్టింది అక్కడే ఉండాలి. ఆ గీతల కాగితం చదవడం రాక, కింద తెలుగులో సరిగమలు రాసుకున్నాను. మెడ పట్టేసి వారం రోజులు పాపని ఎత్తుకోలేకపోయాను.

బాస్ ఎంచుకున్న సింఫనీ మాత్రం నాకు మొదటి రోజే నచ్చింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు, కోపంగా ఉన్నాను కదా. మొదట్లో వయొలిన్లు వినపడీ వినపడనట్టు మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కి, అందరూ కలిసి గట్టిగా ఒక్కసారి వెలుగులోకి వస్తారు. సూర్యోదయమట. వెంటనే ఫ్లూటు ఒక్కటే పాట ఎత్తుకుంటుంది. తర్వాత భాగం మొదట్లో తీగలన్నీ నెమ్మదిగా స్వరాలు ఎక్కుతాయి, పిల్లలకి సరళీ స్వరాలు చెప్పినట్టే. నాకు అందులో తిన్నగా శంకరాభరణం వినపడింది.

మాస్టారు మాకు దాని కథ చెప్పారు. రాసినవాడు అప్పుడే ఒక ప్రభువు కొలువులో కుదిరాడు. ఆ ఇంటి నౌకర్ల యూనిఫాం వేసుకోవాలి. రోజూ దొరగారి గది బయట నిలబడి, ఇవాళ సంగీతం కావాలా అని కనుక్కోవాలి. రాసినదంతా దొరగారిదే. అలాంటివాడు కొలువులో చేరగానే రాసిన మొదటివాటిల్లో ఇదొకటి. అందులో దాదాపు ప్రతి వాద్యగాడికీ ఒంటరిగా వాయించే చోటు పెట్టాడు. ఫ్లూటుకి, చెల్లోకి, ఎప్పుడూ వెనక నిలబడి గుర్రుగుర్రుమనే డబుల్ బాస్ అనే పెద్ద ఫిడేలుకి కూడా. "ప్రభువు ప్రతి ఒక్కడి గొంతూ వినాలని," అన్నారు మాస్టారు. "ఒకసారి గొంతు విన్నాక వాణ్ణి పంపెయ్యడం కష్టం కదా."

ఆయన ఊహో, నిజమో నాకు తెలియదు. ఇంటికొచ్చి మా వారికి చెప్తే, "మా ఆఫీసులో అలాంటి మేనేజరు ఒక్కడుంటే బాగుండు," అన్నారు.

ఆ రోజు సాధనలోనే ఒక అపచారం కూడా జరిగింది. ఫ్లూటు వాయించే అమ్మాయి తన పాట ముగించి ఆపింది. మాస్టారు ఏదో చెప్పడానికి చెయ్యి ఎత్తారు. ఆ ఖాళీలో నా చెయ్యి లేచింది. ఆమె పాటని, చివర్లో మన పద్ధతిలో చిన్న జారుతో సహా, ఆమెకి తిరిగి ఇచ్చేశాను. ముందు వరసల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మాస్టారు కోప్పడలేదు. ఇదే సింఫనీలో ఒకచోట హార్న్ ఊదేవాడు ఫ్లూటు కంటే ముందే తొందరపడి పాట ఎత్తుకుంటాడట, అది రాసినవాడు కావాలని పెట్టిన తమాషా అట. "కానీ నీ జవాబు అతను రాయలేదు," అన్నారు. "ఇక్కడ నిశ్శబ్దం కూడా అతను రాసిందే. అది ఎవరిదీ కాదు. చోటు వచ్చినప్పుడు కమాను తీగ మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకో. పని లేదని నీ చేతికి తెలియాలి."

నేర్చుకున్నాను. చెప్పొద్దూ, ప్రాణం పోయినట్టుండేది. ఎదుటి మనిషి పాడి ఆగితే నేను ముంగిలా కూర్చోవడమేమిటని ఒళ్ళు మండేది. కానీ నేర్చుకున్నాను. ఎవరు ఆపినా కమాను ఒళ్ళోకి వచ్చేసేది.

కచేరీ రోజుకి బాస్ అందరికీ నల్ల వెయిస్ట్‌కోట్లు కుట్టించాడు. గుండె మీద కంపెనీ గుర్తు. పట్టుచీర మీద అది తొడుక్కుని అద్దంలో చూసుకుంటే పెళ్ళి బ్యాండువాడిలా ఉన్నాను. పాప పకపకా నవ్వింది. మా వారు నవ్వలేదు. దగ్గరకొచ్చి బొత్తాలు పెడుతూ, "జాగ్రత్త. బాస్ క్లయింట్లని తీసుకొస్తున్నాడు, ముందు వరసలోనే ఉంటాడు," అన్నారు. ఆ వారమే పక్క టీంలో కొందర్ని గదిలోకి పిలిచి పంపేశారు.

మొదటి భాగం బాగా గడిచింది. రెండో భాగంలో మా లీడ్ వయొలిన్ ఒంటరిగా వాయించాలి. ఆయన ఆ సాయంత్రం సాధనలో ఎప్పుడూ వాయించనంత బాగా వాయించాడు. పాట దిగి దిగి వచ్చి, అచ్చం మా వారు వదిలేచోట ఆగింది. హాలంతా నిశ్శబ్దం. నాకు నా ఎదురుగా నల్ల వెయిస్ట్‌కోటు వీపు కాదు, నవరాత్రి పందిరి కనపడింది. అందుకున్నాను. పాట కొసంతా అందుకుని, జారుతో సహా తిరిగి ఇచ్చేశాను.

మాస్టారి మెడ ఎర్రబడింది. హాల్లో ఒకరిద్దరు నవ్వారు, తర్వాత బాస్ తొడ చరుచుకుని పెద్దగా నవ్వాడు, దాంతో క్లయింట్లంతా నవ్వారు. లీడ్ వయొలిన్ ఏమీ జరగనట్టు ముందుకు వెళ్ళిపోయాడు. నేను మిగతా సింఫనీ ఎలా వాయించానో నాకు తెలియదు. మూడో వరసలో మా వారు తల దించుకుని కూర్చున్నారు. మా బతుకు బజార్న పడిందనే అనుకున్నాను.

బాస్ వెనక గదిలోకి వచ్చాడు. "ఆ ఎకో ఎవరిది? సింఫనీ రాసినాయన పెట్టిందా, నువ్వు కలిపావా?" అని మాస్టారిని అడిగాడు. మాస్టారు నా వైపు చూడకుండా, "ఆయనకి తమాషాలంటే ఇష్టం, సర్," అన్నారు. బాస్ నన్ను చూసి వేలు ఊపుతూ, "వెరీ ఫన్నీ, వెరీ ఫన్నీ," అన్నాడు.

తర్వాత వారంలో మా వారి పాస్ రెన్యూ అయింది. ఆ కబురు ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతూ, ఇంకెవరి గురించో చెప్తున్నట్టు చెప్పారు. నేను దేవుడికి దండం పెట్టబోతే, "ఆగు. బాస్ ఏమన్నాడో విను," అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా చెప్పారు. "ఆ ఎకో లేడీని ఇంటికి ఎలా పంపిస్తాను లా, అన్నాడు. అందరి ముందూ. నేను చేసిన ప్రోగ్రాం గురించి ఒక్క మాట లేదు."

"ఏ కారణమైతేనేం, ఉద్యోగం నిలబడింది కదండీ."

"నాది కాదు. నీది నిలబడింది," అని బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

నల్గొండ అబ్బాయిని పంపేశారు. వెళ్ళేముందు రైస్ కుక్కరు మాకు ఇచ్చిపోదామని వచ్చాడు. అన్నం పెడతానంటే కూర్చోలేదు. "వదినా, మస్తు వాయించినవంట గదా. ఆఫీసుల అందరు అదే ముచ్చట," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో ఏ వంకరా లేదు, అదే నన్ను ఎక్కువ కోసింది. మా వారు అతనితో లిఫ్టు దాకా వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆ రైస్ కుక్కరు నేను వాడలేదు, ఎవరికీ ఇవ్వలేదు. సింకు కింద ఉండేది.

అక్కడితో అయిపోలేదు. ఒకరోజు బాస్ మా వారిని ఆపి, నువ్వు పాడతావట, మీ ఆవిడ ఎకో వాయిస్తుందట, శనివారం మా ఇంట్లో విందుకి రండి, మా అతిథులు సరదా పడతారు అన్నాడట. మా వారు సరే అన్నారు. కాదనే ధైర్యం ఎవరికుంది ఆ రోజుల్లో?

బస్సులు వెళ్ళని వీధిలో పెద్ద బంగళా. పాపని పక్క ఫ్లాటు ఆంటీ దగ్గర వదిలి ట్యాక్సీలో వెళ్ళాం. హాల్లో సోఫాలు జరిపి, మాకు కార్పెట్ మీద ఒక మెత్త పరిచారు. అది చూసి నాకు కాస్త సంతోషమే వేసింది, నలుగురి ముందు నేలమీద కూర్చుని వాయించి ఎన్నాళ్ళయిందో. బాస్ చేతిలో గ్లాసు పట్టుకుని అతిథులకి ముందే చెప్పేశాడు, "చూడండి, అతను పాడతాడు, ఆపుతాడు, ఆమె అతన్ని వెక్కిరిస్తుంది." అందరూ అప్పుడే నవ్వడానికి సిద్ధమైపోయారు.

మా వారు మొదలుపెట్టారు. నవరాత్రి పందిట్లో పాడిన ఆ రాగమే. మొదటి సంగతి వచ్చింది. ఆగాల్సిన చోటు వచ్చింది. నేను కమాను ఎత్తాను.

ఆయన ఆగలేదు. ముక్కుతో చిన్న ఊపిరి లాక్కుని తర్వాత సంగతిలోకి వెళ్ళిపోయారు. పొరపాటనుకున్నాను. రెండో చోటు వచ్చింది, అక్కడా ఆగలేదు. మూడో చోటా అంతే. మెడ నరాలు పొంగుతున్నాయి, ముఖం కందగడ్డలా అయింది, గొంతు బొంగురుపోతోంది, అయినా గోరంత సందు ఇవ్వకుండా మొదట్నుంచి చివరిదాకా పాడేశారు. నేను ఆయన వెనకే నీడలా నడిచాను కానీ, నాకంటూ ఒక్క చోటు రాలేదు. అతిథులు ఎక్కడ నవ్వాలో తెలియక గ్లాసుల్లోకి చూసుకున్నారు. మర్యాదకి చప్పట్లు కొట్టారు.

"ఎకో ఏది?" అన్నాడు బాస్.

"ఇవాళ ఎకో లేదు, బాస్," అన్నారు మా వారు నవ్వుతూ.

తిరుగు ట్యాక్సీలో ఇక పట్టలేకపోయాను. "నాకు చోటెందుకు ఇవ్వలేదు?"

"ఇస్తే నువ్వు వాయించేదానివి. వాయిస్తే వాళ్ళు నవ్వేవాళ్ళు."

"నవ్వితే నవ్వనీండి. నేను వాయించేది మీకు."

"ఆ నవ్వు మీద నా పాస్ నిలబడింది. ఒక మనిషి పోయాడు. ఇంకా ఎంత నవ్వించమంటావే?"

"మీ పరువు కోసం నన్ను బొమ్మలా కూర్చోబెట్టారు," అన్నాను. అని, ఏడ్చాను. ఆయన కిటికీలోంచి బయటకి చూశారు. ఆయన చేసింది తప్పని ఇప్పటికీ అనలేను. నన్ను ఆ నవ్వుల పాలు చెయ్యకూడదనుకున్నారు, అది నాకు తెలుసు. తెలిసినా నా కోపం పోలేదు. మా ఇద్దరి మధ్యా ఉన్నదాన్ని చూసి వాళ్ళు నవ్విన మాట నిజమే, కానీ దాన్ని వాళ్ళ ఎదుట మూసేసింది ఈయన.

రెన్యూ అయిన పాస్ ఉండనే ఉంది. బాస్ మమ్మల్ని మళ్ళీ విందుకి పిలవలేదు, ఉద్యోగంలోంచి తీసెయ్యనూ లేదు. నేను ఆర్కెస్ట్రాకి వెళ్ళడం మానేశాను. మాస్టారు ఒకసారి మార్కెట్లో కనపడి, ఆర్కెస్ట్రాలో హార్న్ ఊదే అతను ఇప్పటికీ నా గురించి అడుగుతుంటాడని చెప్పారు.

ఆ విందు తర్వాత చాలా రోజులు ఇంట్లో పాట లేదు. తర్వాత ఒక శనివారం పొద్దున్న ఆయనంతట ఆయనే చాప పరిచారు. నేను వంటింట్లోంచి చూసి, పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఫిడేలు తెచ్చుకుని కూర్చున్నాను. శ్రుతి సరిచేస్తుంటే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. పాప మా ఎదురుగా నేలమీద బోర్లా పడుకుని రంగులు వేసుకుంటోంది.

ఆయన ఎత్తుకున్నారు. గొంతు బాగా పలుకుతోంది. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది. ముక్కుతో చిన్న ఊపిరి తీసుకుని, ముందుకి వెళ్ళిపోయారు.

పాప రంగు పెన్సిలు ఆపి తలెత్తింది. "నాన్నా, యూ ఫర్గాట్ టు స్టాప్ లా. అమ్మ టర్న్."

ఆయన పాట ఆపి దాని వైపు చూశారు, నా వైపు కాదు. "మర్చిపోలేదమ్మా," అన్నారు. మళ్ళీ పాడటం మొదలెట్టారు.

నేను కమాను తీగ మీంచి తీసి, మాస్టారు నేర్పినట్టే ఒళ్ళో పెట్టుకున్నాను.